ముప్పై ఒకటో రిమ్ము

ఆగస్టు 28, గురువారం

ఈరోజు నుంచి రాయాలి. రాయకపోతే ఇంకో వారంలో నేను కూడా ఆ రోడ్ల ఇంజనీరు గారి మాటే నమ్మేస్తాను. తెలుగులో రాస్తాను. నేను పనిచేసే ప్రజ్ఞా కేంద్రంలో, అదే ఇక్కడి మీసేవలో, నా పక్కన కూర్చునేవాళ్ళకి ఇది చదవడం రాదు, ఇంట్లో అమ్మకీ నాన్నకీ ఏ అక్షరాలూ రావు. ఆంధ్రా సంఘం ఆదివారం బడిలో నేర్చుకున్న లిపి ఇన్నాళ్ళకి పనికొస్తోంది.

అపూర్వ వల్లే ఆయన దగ్గరికి వెళ్ళగలిగాం. డిగ్రీలో నా పక్క బెంచీ. వాళ్ళది కంపెనీ క్వార్టర్లుండే టెల్కో కాలనీ. ఆదివారాలు హెల్మెట్లు పెట్టుకుని సైకిళ్ళు తొక్కే జట్టు ఒకటి నడుపుతుంది. వాళ్ళు పార్కు చుట్టూ సైకిలు దారి అడుగుతున్నారు. నేను అడిగింది వేరు. రైలు వంతెన దిగి ఫ్యాక్టరీల వైపు తిరిగే రోడ్డు. మా బాగ్‌బేరా నుంచి, పర్సుడీహ్ నుంచి పొద్దున షిఫ్టుకి వెళ్ళే సైకిళ్ళన్నీ దిగేది అక్కడే. ఆ రోడ్డును ఇప్పుడు వెడల్పు చేస్తారట. మ్యాపు చూపించారు. కార్లకి నాలుగు వరసలు, మధ్యలో పూలమొక్కలు. సైకిలుకి ఒక గీత కూడా లేదు. దుర్గాపూజ సెలవుల తర్వాత టెండరు.

ఇంజనీరు సౌరభ్ గారు మంచి మనిషే. టీ తెప్పించారు. తర్వాత ఒక ఫైలు తీసి, రెండేళ్ళలో ఆ మలుపు దగ్గర సైకిలు ప్రమాదం ఒక్కటీ నమోదు కాలేదన్నారు. ఠాణాలో సున్నా. అనుమానం వచ్చి కంట్రాక్టర్ల దగ్గర్నుంచి సెలవు చీటీలు కూడా తెప్పించారట. పద్నాలుగు ఉన్నాయి. అందరూ వానలో జారి పడ్డవాళ్ళే. అన్నిట్లోనూ ఒకే వాక్యం. మీ వాళ్ళకి సైకిలు తొక్కడం సరిగా రాదా అని నవ్వారు.

నేను ఆ కాగితాల వంక ఎక్కువసేపు చూడలేదు.

కానీ ఒకటి. సున్నా అని ఆయన అన్నారు గానీ అవసరం లేదు అనలేదు. ఋజువు తెస్తే గీత గీయిస్తానన్నారు. తెస్తాను.

ఆగస్టు 29

నాన్న ఇవాళ కూడా చొక్కా అమ్మ చేత వేయించుకున్నాడు. జూన్‌లో జారి పడ్డప్పటి భుజం నొప్పి. అంతే.

సెప్టెంబరు 1, సోమవారం

పొద్దున అయిదింటి నుంచి ఆరింటి దాకా వంతెన కింద అమ్మ ఇడ్లీ బండి పక్కన నిలబడి సైకిళ్ళు లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు. గంటలో! అదే గంటలో కార్లు అరవై మూడు. ఈ రెండు అంకెలూ చూపిస్తే చాలు, ఎవరికైనా అర్థమవుతుంది.

నిజానికి లెక్కలో నాకంటే అమ్మే నయం. నేను గీతలు గీస్తుంటే అమ్మ చట్నీ వేస్తూనే ఫలానావాడు రాలేదు, ఫలానావాడు ఈరోజు బి షిఫ్టు అంటూ చెప్పుకుపోతోంది. టిఫిన్ తినేవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగాను, ఈ మలుపు దగ్గర ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని. మోచేతి మీద మచ్చ ఉన్నవాడూ, కుంటుతున్నవాడూ, పన్ను విరిగినవాడూ ఒకటే మాట. జారి పడ్డాం. పదకొండు మంది జారారు.

అమ్మ ఆవిరి పాత్ర మూత తీస్తూ, "ఆ మలుపు కాడ ఎవులో ఆవదం పోసీసినారు గావాల. ఎవుడెల్లినా జారిపోతన్నాడు" అంది.

"ముందు నీ ఇడ్లీల మీద నెయ్యి పొయ్యి వదినా, రోడ్డు సంగతి తరవాత సూద్దాం" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సైకిళ్ళన్నీ వెళ్ళిపోయాక అమ్మ మెల్లిగా చెప్పింది. "ఆలని అడక్కు. గుద్దినారంటే కేసు. కేసంటే మెడికల్లు. మెడికల్లంటే గేటు పాసు లాగీసుకుంటారు. జారిపోనానంటే రెండ్రోజులు సెలవు, మూడోనాడు పని. నీకు తెలీదేటి?"

తెలుసు. నాన్న కూడా కంట్రాక్టు రిగ్గరే కదా, తాళ్ళూ చెయిన్లూ కట్టి బరువులు ఎత్తించే పని. మూడు నెలలకోసారి పాసు కొత్తది చేస్తారు. ఈసారిది ఈ నెల ముప్పైతో అయిపోతుంది.

సెప్టెంబరు 3, బుధవారం

దొరికింది.

సాయంత్రం తవిటయ్య మావ సైకిలు కొట్టుకి వెళ్ళాను, నా సైకిలు బ్రేకు రబ్బర్లు మార్పించడానికి. మావ నాన్నకి మేనత్త కొడుకు. ముప్పై ఏళ్ళుగా బాగ్‌బేరాలో అదే రేకుల కొట్టు. వెనక గోడ నిండా వంకర రిమ్ములు మేకులకి వేలాడుతున్నాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. ఎప్పుడూ ఆలోచించలేదు. ఇవాళ ఊరికే అడిగాను, రెండు వరసలుగా ఎందుకు పెట్టావు మావా అని.

మావ చక్రం తిప్పడం ఆపి, చేతిలో స్పానరుతో చూపించాడు. "ఈ వరస తమంతట తాము పడ్డోలవి. పడితే ముందు సెక్రం వంగుతాది. ఆ వరస గుద్దించుకున్నోలవి. ఎనకనుంచి గుద్దితే ఎనక సెక్రం ఎనిమిదంకె అయిపోద్ది. మనుసులు ఏటైనా సెప్తారు గుంటా. సైకిలు సెప్పలేదు గదా, అంచేత దానికి ఎలా తగిలితే అలాగే ఉంటాది."

పాత ఇనుము మావ ఎప్పుడుపడితే అప్పుడు అమ్మడు. విశ్వకర్మ పూజ రోజున ఏడాది ఇనుమంతా దేవుడికి చూపించి, బొట్టుపెట్టి, అప్పుడు తూకానికి పంపిస్తాడు. అంటే గోడ మీద ఉన్నవన్నీ గత పూజ తర్వాతవి! ఏడాది రిజిస్టరు. ఏ ఆఫీసులోనూ లేనిది. మావకి తేదీలు రావు, పండగలు వచ్చు. ఇది భోలాది, ఛఠ్ పండగ వెళ్ళిన మర్నాడు. ఇది చరణ్ మార్డీది, హోలీకి రెండ్రోజుల ముందు. ఇది ఒరియావాళ్ళ రజ పండగ నాటిది. ఎక్కడ తగిలింది అంటే అన్నిటికీ ఒకటే జవాబు. వంతెన దిగే మలుపు.

ఒక్కొక్కటీ మేకు మీంచి తీసి చూపించాడు. చివర్లో ఒకటి తీసి, నా మొహం చూసి, ఏమీ చెప్పకుండా మళ్ళీ తగిలించేశాడు.

వెనక చక్రాలు మొత్తం ముప్పై.

మనుషులకి గేటు పాసు భయం. రిమ్ముకి గేటు పాసు ఉండదు కదా! పూజ పదిహేడో తారీఖున, అప్పటిదాకా టైముంది. ఈ ముప్పై రిమ్ములే మాట్లాడతాయి.

సెప్టెంబరు 4

ముప్పై. కాగితం మీద రాసి పెట్టుకున్నాను. పండగ పక్కన తేదీ, తేదీ పక్కన ఎటువైపు వంగిందో.

సెప్టెంబరు 7, ఆదివారం

అపూర్వ వాళ్ళ జట్టుతో తొక్కడం మానుకుని, ఫొటోలు తీయడానికి బాగ్‌బేరా వచ్చింది. హెల్మెట్టు చూసి మావ కొట్టు దగ్గర వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఎవరో ఆఫీసరమ్మ అనుకుని. తను నేల మీద కూర్చుని ఒక్కో రిమ్మూ ఫొటో తీసింది. పార్కు దారి కాగితం ప్రస్తుతానికి పక్కన పెట్టేస్తున్నామని, ముందు ఈ మలుపేనని చెప్పింది. దానికి వాళ్ళ జట్టులో ఎంత గొడవ పడిందో చెప్పలేదు గానీ, పడే ఉంటుంది.

అమ్మ బండి దగ్గర టీ తాగుతూ ఫొటోలు జరుపుకుంటూ పోయి ఆగింది.

"శ్వేతా, నీ లిస్టులో ముప్పై ఉన్నాయి. ఫొటోల్లో ముప్పై ఒకటి."

ఒకటి జారిపడ్డవాళ్ళది అందులో కలిసిపోయింది అన్నాను.

"జారితే వెనక చక్రం వంగదని గంట క్రితం నువ్వే చెప్పావు."

నేను గ్లాసులు కడగడానికి లేచాను. తను మళ్ళీ అడగలేదు. తనకి కోపం వచ్చి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 8, సోమవారం

సరే. ఎవరూ చదవని చోట కూడా రాయకపోతే ఇక ఈ పుస్తకం ఎందుకు?

ముప్పై ఒకటోది నాన్నది.

జూన్ 24, మంగళవారం. ఆరు దాటింది. వాన. ఇద్దరు మనుషులు నాన్నని చెరోవైపు పట్టుకుని తీసుకొచ్చారు. మూడోవాడు సైకిలుని భుజం మీద మోసుకొచ్చాడు, వెనక చక్రం తిరగదు గనక. చక్రం నేను చూశాను. పికప్ బండి గుద్ది ఆగకుండా పోయిందని ఆ మూడోవాడు అంటున్నాడు. నాన్న వాడి మాట మీదుగా, "జారిపోనాను" అన్నాడు. రెండోసారి నావైపు చూసి అన్నాడు. ఆ రెండోసారి చెప్పడం కాదు, నేర్పడం.

పది గంటలకి ప్రజ్ఞా కేంద్రంలో కూర్చుని నాన్న సెలవు చీటీ నేనే టైపు చేశాను. "వర్షంలో కాలు జారి సైకిలు మీంచి పడ్డాను. తప్పు నాదే. రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన." కొత్తగా రాయాల్సిన పని కూడా పడలేదు. ఆ వాక్యం నా కంప్యూటర్లో ముందే ఉంది. అంతకు ముందు ఏడాది ఎవరికో రాసినప్పుడు దాచుకున్నాను, మాటిమాటికీ టైపు చేయక్కర్లేదని. పేరు మార్చు, తేదీ మార్చు, ప్రింటు తియ్యి. వాళ్ళు చెప్పింది అడ్డదిడ్డంగా ఉండేది, నేను చక్కగా కూర్చాను. "తప్పు నాదే" అన్నది నేను చేర్చిందే. అది ఉంటే కంట్రాక్టరు ప్రశ్నలు వేయడని. బాగా రాస్తావమ్మా అనేవాళ్ళు. మా కుటుంబంలో మొదట చదువుకున్నదాన్ని, మావాళ్ళకి నా చదువు ఉపయోగపడుతోంది అని గర్వంగా ఉండేది.

సౌరభ్ గారి ఫైల్లో ఉన్న పద్నాలుగూ నావే. అక్షరాల సైజు కూడా నేను పెట్టిందే. ఆయన సున్నా నేను తయారుచేసిన సున్నా.

ఇవాళ పొద్దున నా కంప్యూటర్లో ఆ వాక్యం ఉన్న ఫైలు తెరిచి చెరిపేశాను. చెరిపినందువల్ల ఏమీ కాదని తెలుసు. అయినా చెరిపేశాను.

సెప్టెంబరు 10, బుధవారం

ఫొటోలూ, నాలుగు వందల పన్నెండూ, పండగల పట్టికా తీసుకుని నేనూ అపూర్వా మళ్ళీ వెళ్ళాం. సౌరభ్ గారు ఈసారి నవ్వలేదు. వంగిన తీరు దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత చెప్పింది సబబుగానే ఉంది. చక్రం ఏం జరిగిందో చెబుతుంది గానీ, ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పదు. పైవాళ్ళు పాత ఇనుము అంటారు. ఒక్క మనిషి చాలు. పేరు, తేదీ, చోటు, సంతకం. ఒక్కటి నమోదైతే మిగతా ముప్పై దాని వెనకే నిలబడతాయి. సున్నా మీద మాత్రం ఏదీ నిలబడదు.

అపూర్వ నావైపు చూడలేదు. కావాలనే చూడలేదు. ఆ మర్యాదకి తన కాళ్ళకి దణ్ణం పెట్టాలి.

తెస్తాను సార్ అన్నాను. ఎవరిని అన్నది చెప్పలేదు.

సెప్టెంబరు 12, శుక్రవారం

నాన్నని అడిగాను. షిఫ్టు దిగి స్నానం చేసి గడప దగ్గర కూర్చున్నాడు. అంతా వివరంగా చెప్పాను, హిందీలో, ఎందుకంటే గట్టిగా మాట్లాడాలంటే నాకు హిందీయే వస్తుంది. రోడ్డు, మ్యాపు, పూలమొక్కలు, ఒక్క పేరు. నాన్న ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. ఆ చెయ్యి భుజం దాటి లేవదని పనిలో పైవాళ్ళెవరికీ తెలియదు. పైకి ఎక్కించాల్సిన చెయిన్లు తోటివాళ్ళు అందుకుంటున్నారు, సూపర్‌వైజరు చూడకుండా.

"ఒక్కడి పేరు కావాల. అవునా? నాలుగొందల మంది దిగుతన్నారు ఆ మలుపు. ఆ ఒక్కడు నానే ఎందుకవ్వాల?"

నా దగ్గర మంచి జవాబులు మూడు సిద్ధంగా ఉన్నాయి. మొదటిది మొదలుపెట్టేలోపే నాన్న మళ్ళీ అందుకున్నాడు.

"ముప్పయ్యో తారీకు పాసు మారుత్తారు. సెయ్యెత్తి సూపించమంటే ఏటి సూపించాల? రోడ్డు అందరికీ వత్తాది. పాసు నాది ఒక్కడిదీ పోతాది."

అమ్మ లోపలి నుంచి నన్ను పిలిచింది. పని ఏమీ లేదు, ఊరికే పిలిచింది.

సెప్టెంబరు 14

నాన్న తప్పేమీ లేదు. ఇంకెవరినైనా అడుగుతాను. భోలాని అడుగుతాను.

సెప్టెంబరు 15

భోలా జారి పడ్డాడట. చరణ్ మార్డీ కూడా. నేను టైపు చేసిన చీటీ కాపీని భోలా మడత విప్పి చూపించాడు, అందులో రాసుంది కదా అని.

సెప్టెంబరు 17, బుధవారం

విశ్వకర్మ పూజ.

ఫ్యాక్టరీ గేట్ల దగ్గర మైకులు. మా వీధిలో సైకిళ్ళన్నీ పొద్దున్నే స్నానాలు చేశాయి. మావ కొట్టు ముందు చిన్న పందిరి, దేవుడి బొమ్మ, దాని ముందు స్పానర్లూ పంపులూ కడిగి వరసగా పేర్చాడు. గోడ మీంచి రిమ్ములన్నీ దించి పందిరి పక్కన నేల మీద పెట్టాడు. పదకొండింటికి తూకం బండి రావాలి.

నాన్న తన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. కొత్త వెనక చక్రానికి బంతిపూల దండ వేయడానికి కింద కూర్చున్నాడు. అలా కూర్చునే రెండో కొస హ్యాండిలుకి కట్టాలంటే రెండు చేతులూ భుజం పైకి ఎత్తాలి. ఎడమ చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. దండ జారి పడింది. పాతికమంది ఉన్నారు అక్కడ. అందరూ అటు తిరిగి వేరే పనేదో చూసుకున్నారు. ఆ తిరగడం చూశాక నాకు తెలిసింది, అందరికీ ఎప్పుడో తెలుసునని.

దండ తీసి నేను కట్టాను. కడుతూ చెప్పేశాను. ఈసారి తెలుగులో, తలెత్తకుండా. ఆ ఇంజనీరు దగ్గర పద్నాలుగు కాగితాలు ఉన్నాయని. అన్నీ నేను టైపు చేసినవేనని. వాటిలో నీదొకటని. ఆ మలుపు మంచిదే అని వాళ్ళు చూపించే సాక్ష్యం నా రాతేనని. భోలా కూడా ఆ కాగితాన్నే నాకు చూపించాడని.

నాన్న నేల మీద రిమ్ముల్లో వెతికి తనది ఏదో గుర్తుపట్టాడు. ఎలా గుర్తుపట్టాడో, నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పళ్ళెంలోంచి సింధూరం వేలితో తీసి దానికి బొట్టు పెట్టాడు. తూకం బండి వచ్చి హారను కొడుతోంది.

"తవిటా, ఈటిని తూకానికి ఎయ్యకు" అన్నాడు.

"బండోడొచ్చీసినాడు బావా."

"ముందు సెక్రాలు ఇచ్చీ. ఎనకవి ఉంచు."

తర్వాత నన్ను ఇడ్లీ బండి దగ్గరికి తీసుకెళ్ళి అమ్మ స్టూలు మీద కూర్చున్నాడు. "ఆ కాయితం నీ సేత నానే రాయించేను. ఆల్లూ అంతే. నువ్వు సదువుకున్నావని మా అబద్దాలన్నీ నీ సేత మోయించేం. ఇప్పుడు ఇంకోటి రాయి."

పాసో అని అడిగాను.

"సెయ్యి పోనాదని అందరికీ తెలిసే ఉంది. ఇంకా ఎన్నాళ్ళు దాత్తాను?"

అమ్మ పిండి కలుపుతూ ఇటు తిరగకుండానే అంది. "పాసు పోతే రెండో పొయ్యి పెడదాం. చట్నీ రుబ్బడానికి ఒక సెయ్యి సాలు." నాన్న, ఆ చట్నీ తిన్నోడికి గేటు దాకా తొక్కే ఓపిక కూడా ఉండదు అన్నాడు. జూన్ తర్వాత నాన్న చేసిన మొదటి వేళాకోళం అది.

సాయంత్రం మావ కొట్టు దగ్గర ఇద్దరు నన్ను పక్కకి పిలిచి అడిగారు, మాది కూడా మార్చి రాస్తావా అని. ముందు నాన్నది వెళ్ళనివ్వండి అన్నాను. ఒకడు చరణ్ మార్డీ.

సెప్టెంబరు 18, గురువారం

రేపు సౌరభ్ గారి ఆఫీసు తెరవగానే నాన్న అర్జీ ఇచ్చి, ముద్ర వేయించుకుంటాను. హిందీ కాపీ టైపు చేశాను. ఇవాళ ఒక్క వాక్యం కూడా చక్కబెట్టలేదు. నాన్న చెప్పింది చెప్పినట్టే, ఆగిన చోట ఆగి, రాశాను. తర్వాత చదివి వినిపించాను. రోజూ గేటు దగ్గర మిషన్ మీద పెట్టే బొటనవేలినే సిరాలో ముంచి పెట్టాడు. మామూలుగా నేను అందరికీ చెప్పే మాటే నాన్నకీ చెప్పాను, అర్జీలో జవాబు ఎప్పటిలోగా కావాలో రాయకపోతే అది అర్జీ కాదు, మొర అని. తేదీ నాన్నే చెప్పాడు. పాసు మార్చే ముప్పయ్యోది వద్దు, దానికీ దీనికీ ముడి పెట్టకు, సెలవులకి ముందు శుక్రవారం వెయ్యి అన్నాడు.

ఇది నా కాపీ, తెలుగులో.

అయ్యా,

నా పేరు అసిరయ్య. బాగ్‌బేరాలో ఉంటాను. కంట్రాక్టులో రిగ్గరు పని. ఈ సంవత్సరం జూన్ 24 మంగళవారం పొద్దున అయిదున్నర దాటాక, రైలు వంతెన దిగే మలుపు దగ్గర, నేను ఎడమ అంచునే వెళ్తుండగా ఒక పికప్ బండి వెనకనుంచి గుద్ది ఆగకుండా పోయింది. నంబరు చూడలేదు. వాన. సైకిలు వెనక చక్రం పోయింది. నా ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు.

జారి పడ్డానని ఇంతకు ముందు ఒక కాగితం ఇచ్చాను. అది అబద్ధం. పాసు పోతుందని భయపడి అలా చెప్పాను. ఆ కాగితాన్ని మీ ఫైల్లోంచి తీసి దీన్ని పెట్టండి. చక్రం తవిటయ్య కొట్లో ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు. దాని పక్కన ఇంకా ముప్పై ఉన్నాయి.

కొత్త రోడ్డులో వంతెన మొదలు నుంచి మలుపు దాటేదాకా ఎడమ పక్క సైకిళ్ళకి వేరే దారి కావాలి. గీత చాలదు, గీతని బండ్లు లెక్కచేయవు. గట్టు కావాలి. మలుపులో ఒక దీపం కావాలి, చలికాలం ఆ వేళకి చీకటిగానే ఉంటుంది. పూలమొక్కలు కొంచెం సన్నగా వేసుకుంటే చోటు సరిపోతుందని మా అమ్మాయి కొలిచి చెప్పింది.

సెలవుల ముందు, సెప్టెంబరు 26 శుక్రవారం లోపల, అవునో కాదో రాతలో జవాబు ఇవ్వగలరు. అప్పటిదాకా నేను రోజూ పొద్దున అయిదున్నరకి ఆ మలుపు మీదుగానే వెళ్తుంటాను.